ఊర్లో కక్షలు రేగితే: మగవాళ్ళకు ఒక జాగ్రత్త, ఆడవాళ్ళకు ఇంకో జాగ్రత్త

మా పత్తికొండ వైపు పల్లెల్లో రెండు వర్గాల మధ్య గొడవ మొదలైందంటే ముందు మగవాళ్ళు ఊరు విడుస్తారు. కొట్లాటలో లేకపోయినా కేసులో పేరు ఎక్కిస్తారని ఒక భయం, దారి కాచి కొడతారని ఇంకో భయం. ప్రాణం మీదికి వచ్చేది ఎక్కువగా వాళ్ళకే, నిజమే. కానీ ఊర్లో మిగిలిపోయే ఆడవాళ్ళ నెత్తిన పిల్లలు, ముసలివాళ్ళు, గొడ్లు, చేలో పంట, గడప తొక్కే పోలీసులు అన్నీ పడతాయి.

మా మేనత్త ఇంట్లో అదే జరిగింది. వేరుశనగ పీకే అదనులో మామ రాత్రికి రాత్రి ఆదోని పోయినాడు. బ్యాంకు పుస్తకం, ఏటీఎం కార్డు ఆయన చొక్కా జేబులోనే పోయినాయి. బ్యాంకుకు పోతే ఖాతా ఆయన పేరు మీదుంది, ఆయనే రావాలన్నారు. అత్త చెవి కమ్మలు తాకట్టు పెట్టి కూలీలను పిలిచేసరికి నేల గట్టిపడి, చెట్టు పీకితే కాయ మట్టిలోనే తెగిపోయింది.

అందుకే ఊరు చల్లగా ఉన్నప్పుడే ఖాతాలో భార్య పేరు కూడా చేర్పించండి. పట్టాదారు పాసుపుస్తకం, వన్ బీ (భూమి ఎవరి పేరున ఉందో చూపే రెవెన్యూ రికార్డు), ఆధార్, తాకట్టు రసీదుల జిరాక్సులు ఒక సెట్టు ఇంట్లో, ఒకటి ఆమె పుట్టింట్లో ఉంచండి. ఎవరికి ఎంత బాకీ ఉన్నారో, మీకు ఎవరు ఇవ్వాలో ఆమెకు తెలిసేలా నోటుబుక్కులో రాయండి.

పోలీసులు వచ్చి సాక్ష్యం కోసం స్టేషన్‌కు రమ్మంటే, ఆడవాళ్ళను ఇంటి దగ్గరే విచారించాలని చట్టంలో ఉంది, బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 179వ సెక్షన్. ఆ నంబరు తలుపు వెనక రాసి పెట్టుకోండి, పక్కనే ఆపదలో పిలవడానికి 112, న్యాయసహాయానికి 15100 కూడా. ఆడవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.

మగవాళ్ళు కేసులో పేరుందని తెలిస్తే బంధువుల ఇళ్ళల్లో నెలలకు నెలలు దాక్కోవడం కంటే వెంటనే లాయరును కలిసి ముందస్తు బెయిలుకు వేయడం మేలు. బైండోవర్ నోటీసు, అంటే గొడవలు చేయనని పూచీకత్తు రాసివ్వమనే నోటీసు వస్తే తప్పకుండా హాజరు కండి. ఇంటర్ చదివే కొడుకును మాత్రం ముందే ఊరు దాటించి హాస్టల్లో వేయండి, ఎందుకంటే 'నీకు రోషం లేదా' అని గుచ్చేది ఆ వయసు వాళ్ళనే. ఆడపిల్లకు పక్క ఊరి హైస్కూలు దూరమని, దారి బాగాలేదని బడి మాన్పించి పెళ్ళి చేసేస్తున్నారు, దయచేసి ఆ పని చేయొద్దు, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో సీటు అడగండి, అక్కడే ఉండి చదువుకోవచ్చు.

ఇంట్లో మనిషే పోతే ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధ్రువపత్రం నకళ్ళు భార్య చేతిలోనే ఉండాలి, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పరిహారానికి అర్జీ పెట్టుకోవడానికి అవి కావాలి. పెద్దమనుషులు రాజీ అంటూ వస్తారు. హత్య కేసు చట్టప్రకారం రాజీ చేసుకునే కేసు కాదు. ఆమెను లోపల కూర్చోబెట్టి బయట మగవాళ్ళు మాట తీసుకుంటే ఒప్పుకోకండి, కాగితంలో ఏముందో ఆమెకు మొత్తం చదివి వినిపించేదాకా వేలిముద్ర వేయనివ్వకండి.