అలర్జీ ఉన్న పిల్లలకు కేక్ చేసే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

పిండి కలపడానికి ముందే బిడ్డకు ఏయే పదార్థాలు పడవో తల్లిదండ్రులను అడిగి, కాగితం మీద రాసుకోవాలి. పాలలోని చక్కెర (లాక్టోజ్) అరగకపోవడం వేరు, పాల ప్రోటీన్‌కు అలర్జీ ఉండడం వేరు. లాక్టోజ్ తీసేసిన పాలలోనూ ఆ ప్రోటీన్ అలాగే ఉంటుంది కనుక, అలర్జీ ఉన్న బిడ్డకు వాటితో చేసిన కేక్ ప్రమాదకరమే. బాదం పాలు వాడదలిస్తే, బాదం, జీడిపప్పు వంటివి పడతాయో లేదో కూడా తేల్చుకోవాలి.

బేకింగ్ పౌడర్, చాక్లెట్, పైన చల్లే రంగు పలుకుల లేబుళ్లను కొన్న ప్రతిసారీ చదవాలి. కొన్ని బేకింగ్ పౌడర్లలో గోధుమ స్టార్చ్ ఉంటుంది. ఖాళీ ప్యాకెట్లను కేక్ తినడం పూర్తయ్యేదాకా పారేయవద్దు.

నా దృష్టిలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది వంటగది మీదే. గోధుమపిండి దుమ్ము గాలిలో తేలి గిన్నెల మీద వాలుతుంది కాబట్టి, అదే రోజు మామూలు కేక్ కూడా చేయవలసి వస్తే, అలర్జీ ఉన్న బిడ్డ కేక్‌ను ముందుగా చేసి, చల్లార్చి, డబ్బాలో పెట్టి మూత బిగించాలి. జల్లెడకు, చెక్క గరిటెకు పట్టిన పిండి ఎంత కడిగినా పూర్తిగా పోదు. వాటిని విడిగా ఉంచుకోవాలి. చేతులను సబ్బుతో కడుక్కోవాలి, శానిటైజర్ చాలదు. ఓవెన్ వేడికి అలర్జీ కారకాలు నశిస్తాయని దయచేసి నమ్మవద్దు.