బియ్యం గ్లాసు దగ్గర మొదలుపెట్టండి

నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా, ఎవరైనా బరువు తగ్గాలనుకుంటున్నామని చెప్పగానే చుట్టుపక్కల వారు ఇచ్చే మొదటి సలహా అన్నం మానెయ్యమన్నదే. ఆ సలహాను కొన్నేళ్ళ క్రితం నేనూ పాటించాను. నలభై రోజులు అన్నం ముట్టకుండా ఏడు కిలోలు తగ్గాను. తరువాత ఒక ఆదివారం ఇంట్లో బొమ్మిడాయిల పులుసు చేశారు, ఆ పూట పట్టు సడలింది, ఐదు నెలలు తిరిగేసరికి తగ్గిన ఏడు కిలోలకు మరొక కిలో కలిపి పెరిగాను. ఇల్లంతా ఒక తీరున తింటూ ఉండగా ఒక్క మనిషి తన పళ్ళేనికి మాత్రమే నియమం పెట్టుకుంటే అది నిలవదని అప్పుడు తెలిసింది. బియ్యం కొలిచే గ్లాసు, నూనె పోసే గరిటె, టీలో వేసే చెంచా, రాత్రి భోజనానికి కూర్చునే వేళ మారితే బరువు దానంతట అదే దారికి వస్తుంది. రెండోసారి ఆ విధంగానే తగ్గాను, తగ్గిన బరువు తిరిగి రాలేదు. ఈ వ్యాసంలో చెప్పేది ఆ పద్ధతినే.

మొదలుపెట్టే ముందు ఒక జాగ్రత్త తప్పనిసరి. మధుమేహానికి ఇన్సులిన్ గాని మాత్రలు గాని వాడుతున్నవారు వైద్యునికి చెప్పకుండా తిండి తగ్గించకూడదు. మందు మోతాదు అంతే ఉండి తిండి మాత్రం తగ్గితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు బరువు తగ్గే ప్రయత్నం సొంతంగా చేయవద్దు. ఏ ప్రయత్నమూ లేకుండానే బరువు తగ్గుతున్నవారు సంతోషించి ఊరుకోకుండా వెంటనే వైద్యునికి చూపించుకోవాలి.

ఎంత తగ్గాలి

బరువును కిలోలలో తీసుకుని, ఎత్తును మీటర్లలోకి మార్చి ఆ ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకెను బీఎంఐ అంటారు. మన దేశపు వారికి అది 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా వైద్యులు లెక్కిస్తారు. పాశ్చాత్యులకు పెట్టిన 25, 30 అనే హద్దులకన్నా మన హద్దులు తక్కువ, ఎందుకంటే మనవారికి తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు చేరి మధుమేహం, గుండె జబ్బులు మొదలవుతాయి. ఉదాహరణకు 165 సెంటీమీటర్ల ఎత్తు, 74 కిలోల బరువు ఉన్న మనిషి బీఎంఐ సుమారు 27. అటువంటివారు 62 కిలోలకు దిగితేనే ప్రయోజనమని నిరాశపడనక్కర లేదు. ఉన్న బరువులో 5 శాతం, అంటే నాలుగు కిలోలకు కాస్త తక్కువగా తగ్గినా రక్తపోటు, చక్కెర, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) మెరుగుపడతాయి. కాబట్టి మొదటి లక్ష్యం ఆ నాలుగు కిలోలే.

నన్నడిగితే బరువు యంత్రం కన్నా టైలరు టేపు నమ్మదగినది. ఊపిరి మామూలుగా వదిలిన తరువాత, కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్యన టేపును బిగించకుండా చుట్టి కొలవాలి. నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. లుంగీ కట్టే చోట కొలిస్తే టేపు పొట్ట కిందికి జారి అంకె తక్కువగా కనిపిస్తుంది.

బియ్యం గ్లాసు

రైస్ కుక్కర్‌తో పాటు వచ్చే గ్లాసు 180 మిల్లీలీటర్లది. అందులో సుమారు 150 గ్రాముల బియ్యం పడుతుంది. నలుగురున్న ఇంట్లో పూటకు నాలుగు గ్లాసులు పోస్తే మనిషికి 150 గ్రాముల బియ్యం, అంటే ఒక్క అన్నం నుంచే సుమారు 525 కేలరీలు వస్తాయి. అదే మూడు గ్లాసులు పోస్తే 390 దాకా వస్తాయి. పూటకు 130 చొప్పున రెండు పూటలకు 260, నెలకు 7,800 కేలరీలు తగ్గుతాయి. ఒక కిలో కొవ్వులో ఉండే శక్తి దాదాపు 7,700 కేలరీలు. లెక్క ప్రకారం నెలకు ఒక కిలో తగ్గాలి గాని, బరువు తగ్గేకొద్దీ శరీరానికి అయ్యే ఖర్చూ తగ్గుతుంది కనుక అంతకన్నా కొంచెం తక్కువే తగ్గుతాము. అయినా ఒక్క గ్లాసు మార్పుకు ఇది గొప్ప ఫలితం.

నాలుగు నుంచి ఒక్కసారిగా మూడుకు దిగవద్దు. మొదటి రెండు వారాలు మూడున్నర గ్లాసులు పోసి, తరువాత మూడుకు రండి. మా ఇంట్లో ఈ మార్పు చేసినప్పుడు మా అమ్మ గిన్నె చూసి, "ఎవరన్నా వస్తే ఏం పెడతాం నాయనా?" అన్నది. ఆ మాటలో మన జిల్లాల మర్యాద అంతా ఉంది, బరువుకు మూలమూ అందులోనే ఉంది. రాని చుట్టం కోసం వండిన అన్నం పారేయలేక రాత్రికి మనమే తింటాము. దానికి మేము చేసుకున్న ఏర్పాటు ఏమిటంటే, పప్పు కాస్త ఎక్కువ వండడం, నాలుగు గుడ్లు ఎప్పుడూ ఇంట్లో ఉంచడం, నిజంగా ఎవరైనా వచ్చిన రోజున ఇంకొక గ్లాసు బియ్యం అప్పటికప్పుడు కడిగి పెట్టడం. కుక్కర్‌లో అన్నం కావడానికి అరగంట చాలు, ఆ అరగంటా చుట్టంతో మాట్లాడుకోవచ్చు.

తగ్గిన అన్నం చోటును కూరతో నింపాలి, లేకపోతే నాలుగు గంటలకే ఆకలి వేసి చేయి జంతికల డబ్బాలోకి పోతుంది. పళ్ళెంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతున్నది. మన పళ్ళెంలో సగానికి పైగా అన్నం, అంచున రెండు చెంచాల కూర ఉంటాయి. బీరకాయ, సొరకాయ, గోరుచిక్కుడు, గోంగూర ఏదైనా సరే, కూరను కంచంలో ముందు వడ్డించుకుని, కొంత కూర, పప్పు తిన్న తరువాత అన్నం కలుపుకోవాలి. ఈ వరుసలో తింటే భోజనం తరువాత రక్తంలో చక్కెర పెరిగే వేగం తగ్గుతుంది, కడుపు కూడా త్వరగా నిండుతుంది. ఊరగాయ జాడీని భోజనాల దగ్గరకు తేకుండా, కావలసినంత ఒక చిన్న గిన్నెలో తెచ్చుకోండి. ఆవకాయ ఎదురుగా ఉంటే రెండు ముద్దలు అదనంగా దిగుతాయి. రోజుకు 5 గ్రాములు దాటకూడని ఉప్పు అక్కడే దాటిపోతుంది.

చిరుధాన్యాల గురించి ఒక మాట చెప్పకపోతే ఉమ్మడి ప్రకాశం జిల్లా పాఠకులు ఊరుకోరు. కనిగిరి, పొదిలి, దర్శి, మార్కాపురం వైపు మెట్ట ఊళ్ళలో పెద్దవారు జొన్న సంకటి, సజ్జ రొట్టె, కొర్రన్నం తిని ఎనభై ఏళ్ళు బతికారన్న మాట ఇప్పుడు అందరి నోటా వినిపిస్తున్నది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చిన తరువాత అటువైపు ఇళ్ళలోకి వరి అన్నం బాగా వచ్చింది, పేదవారి ఆకలి తీరింది. అది మంచే జరిగింది. ఇప్పుడు మళ్ళీ కొర్రలకు మారాలనుకునేవారు ఒకటి గమనించాలి: కొర్రలలోనూ జొన్నలలోనూ ఉండే కేలరీలు బియ్యానికి దాదాపు సమానమే. పీచు ఎక్కువ కాబట్టి కొద్దిగా తింటేనే తృప్తి కలుగుతుంది, అదే వాటి లాభం. కొర్రన్నం ఆరోగ్యమని రెండింతలు తింటే బరువు పెరుగుతుంది. పైగా ఆ పెద్దవారు సంకటి తిని పొద్దు పొడిచింది మొదలు పొలంలో వంగి పనిచేశారు. సంకటిని మాత్రం తెచ్చుకుని ఆ వంగి చేసే పనిని వదిలేస్తే ఫలితం రాదు.

నూనె

నూనెను ఎప్పుడూ కళ్ళతో కాకుండా నెలవారీ ప్యాకెట్లతో లెక్కపెట్టండి. నలుగురికి నెలకు 5 లీటర్లు వాడే ఇంట్లో మనిషికి రోజుకు సుమారు 38 గ్రాములు పడుతుంది. కూర్చుని పనిచేసే వారికి 20 నుంచి 25 గ్రాములు చాలునని జాతీయ పోషకాహార సంస్థ లెక్క, అంటే ఆ ఇంటికి నెలకు 3 లీటర్లు సరిపోవాలి. గ్రాము నూనెలో 9 కేలరీలు, గ్రాము పిండిపదార్థంలో గాని మాంసకృత్తిలో గాని 4. ఒక పెద్ద చెంచా నూనెలో 120 కేలరీలకు పైగా ఉంటాయి.

తగ్గించే ఉపాయం చెబుతాను. నెల మొదటి తేదీన 3 లీటర్ల నూనెను ఒక డబ్బాలో పోసి, డబ్బాపై నాలుగు గీతలు గీయండి, గీతకు వారం. గీత ముందే దాటితే ఆ వారం వేపుళ్ళు ఆపి పులుసులు, పప్పుకూరలు చేసుకోండి. మన చేపల పులుసు గురించి భయపడనక్కర లేదు. చింతపండు పులుసు, మామిడి ముక్కలు, చేప ముక్కలు అన్నీ మంచివే, 100 గ్రాముల చేపలో సుమారు 18 నుంచి 20 గ్రాముల మాంసకృత్తులు దొరుకుతాయి. ఇబ్బంది పైన తేలే నూనెతోనే. మట్టి దాకలో వండి రాత్రంతా ఉంచిన పులుసు మరునాటి ఉదయం చూస్తే ఎర్రని నూనె వేలెడు మందాన తేలి ఉంటుంది. గరిటె వెనుకభాగంతో ఆ నూనెను ఒక పక్కకు జరిపి గిన్నెలోకి తీసేయండి. రుచి ముక్కలోనూ పులుసులోనూ ఉంటుంది, ఏమీ పోదు. ఒక్క జాగ్రత్త: నిల్వ పులుసు రుచిగా ఉంటుంది కాబట్టి రెండో వాయి అన్నం కలుపుకోవాలనిపిస్తుంది. ఆ పూట ముక్కలే ఇంకొకటి వేసుకోండి.

బయటి టిఫిన్లలో కారం దోసె, పులిబొంగరాలు మన నెల్లూరు ప్రాణం. వాటిని మానమని నేను చెప్పను. వారానికి ఒక రోజు పెట్టుకుని, ఆ రోజు తృప్తిగా తినండి. మిగిలిన రోజులలో ఇంట్లో ఇడ్లీయో పెసరట్టో చేసుకోండి. మలై కాజా కొన్నప్పుడు కిలో పెట్టె కొనకుండా, ఇంట్లో ఎందరుంటే అన్ని ముక్కలు కొనండి.

టీ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కాని చిన్నది కాదు. రోజుకు నాలుగు టీలు, ఒక్కోదానిలో రెండు చెంచాల పంచదార అంటే 40 గ్రాములు. రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. పది రోజులకు అర చెంచా చొప్పున తగ్గిస్తే నాలుక గుర్తుపట్టదు, రెండు నెలలకు పాత తీపి వెగటుగా తోస్తుంది. బెల్లం వేసుకుంటే ఫరవాలేదనేది పొరపాటు, కేలరీలలో రెండూ ఒక్కటే.

నడక, నిద్ర

అరగంట చురుకైన నడకకు 70 కిలోల మనిషికి ఖర్చయ్యేది సుమారు 130 కేలరీలు, అంటే పెద్ద చెంచా నూనె పాటి. అందుకే నడుస్తున్నాము కదా అని తిండిలో వదులు ఇచ్చేవారు తగ్గరు. అయినా నడక లేకుండా తగ్గిన బరువును నిలుపుకోవడం కష్టం, చక్కెరకూ రక్తపోటుకూ అది చేసే మేలు వేరే. వారానికి 150 నిమిషాలు నడవాలి, వారంలో రెండు రోజులు కండరాలకు పని చెప్పాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్ల చొప్పున మూడు విడతలు చేసినా చాలు, లేకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది.

మన జిల్లాలలో నడకకు వేళ ముఖ్యం. ఎండాకాలంలో, ముఖ్యంగా రోహిణి కార్తెలో, ఉదయం 5:30కు బయలుదేరి ఆరున్నరకల్లా ఇల్లు చేరాలి. పెన్న ఒడ్డున రంగనాయకుల గుడి వైపు ఆ వేళ గాలి బాగుంటుంది. మైపాడు, కొత్తపట్నం తీరాలలో ఇసుకలో నడిస్తే శ్రమ ఎక్కువ, మోకాళ్ళ నొప్పులున్నవారు తడి ఇసుక మీదే నడవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు నడక ఆగిపోయి, సంక్రాంతి అరిసెలతో ఆ లోటు రెండింతలవుతుంది. నా బరువు ప్రతి ఏడూ పెరిగింది ఆ మూడు నెలల్లోనే. వాన రోజున ఇంటి మెట్లు ఎక్కి దిగడం, వరండాలో పచార్లు చేయడం ముందే నిర్ణయించుకోవాలి.

రాత్రి భోజనాన్ని తొమ్మిదిన్నర నుంచి ఎనిమిదికి జరపండి, టీవీ ముందు కంచం పెట్టుకోవద్దు. నిద్ర ఏడు గంటలకు తగ్గితే ఆకలిని పెంచే హార్మోను పెరుగుతుంది, మరునాడు తీపి మీదికి మనసు పోతుంది. రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా ఉండేవారికి ఇది పెద్ద కష్టం. వారు అర్ధరాత్రి టీ, బిస్కట్లకు బదులు ఉడికించిన గుడ్డు గాని గుగ్గిళ్ళు గాని దగ్గర ఉంచుకుని, పగటి నిద్రను చీకటి గదిలో ఒకే విడతగా పూర్తిచేసుకోవాలి.

బరువు చూసుకోవడం

వారానికి ఒక్కసారి, ఒకే రోజున, ఉదయం కాలకృత్యాల తరువాత ఏమీ తినకముందు తూగండి. మొదటి వారం తగ్గేదానిలో ఎక్కువభాగం నీరే, దానికి పొంగిపోవద్దు. తరువాత వారానికి అర కిలో తగ్గితే బాగా తగ్గుతున్నట్టే, కిలోకు మించి తగ్గుతుంటే తిండి మరీ తక్కువైందని అర్థం. కొన్ని నెలలకు సాధారణంగా అంకె కదలడం మానేస్తుంది. అక్కడే చాలామంది విసిగి వదిలేస్తారు. అప్పుడు టేపు తీసి నడుము కొలవండి. నడుము తగ్గుతుంటే ఏమీ మార్చనక్కర లేదు. నడుమూ కదలకపోతే వంటింట్లోకి వెళ్ళి నూనె డబ్బా మీది గీతలు, బియ్యం డబ్బాలోని గ్లాసు చూడండి. మా ఇంట్లో అలా చూసినప్పుడు కుక్కర్ గ్లాసు పగిలి, దాని స్థానంలోకి పావు లీటరు స్టీలు గ్లాసు వచ్చి నెలరోజులైందని తేలింది.