యూఎస్‌బీ డీబగ్గింగ్‌ను అర్థం చేసుకుని, జాగ్రత్తగా వాడుకునే విధానం

ఆండ్రాయిడ్ ఫోన్‌కు కంప్యూటర్ నుంచి నేరుగా ఆదేశాలు పంపే వీలు కల్పించే సదుపాయమే యూఎస్‌బీ డీబగ్గింగ్. యాప్‌లు తయారుచేసేవారు తమ ప్రోగ్రాంలోని లోపాలను అసలు ఫోన్ మీదే పరీక్షించుకోవడానికి దీనిని రూపొందించారు. అయితే ఫోన్‌తో పాటు వచ్చిన అక్కరలేని యాప్‌లను తీసివేయడానికి, ఫోన్ తెరను కంప్యూటర్‌లో చూడటానికి కూడా దీనిని వాడుకునే సాధారణ వినియోగదారులు చాలామందే ఉన్నారు. ఈ సదుపాయాన్ని ఆన్ చేసినంత మాత్రాన ఫోన్ ఎవరి చేతికీ చిక్కదు. ఏ కంప్యూటర్‌కు అనుమతి ఇచ్చాం, ఆ అనుమతిని ఎంతకాలం ఉంచాం అన్న రెండు విషయాల మీదే భద్రత ఆధారపడి ఉంటుంది.

ఆండ్రాయిడ్ 4.2 నుంచి డెవలపర్ ఆప్షన్స్ అనే విభాగం సెట్టింగ్స్‌లో మామూలుగా కనిపించదు. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ తెరిచి, బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తాకి, ఫోన్ పిన్ అడిగితే నమోదు చేసిన తరువాతనే అది బయటపడుతుంది. శాంసంగ్ ఫోన్లలో బిల్డ్ నంబర్ సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్ లోపల ఉంటుంది. డెవలపర్ ఆప్షన్స్ కనిపించినంత మాత్రాన డీబగ్గింగ్ ఆన్ అయినట్టు కాదు. ఆ జాబితాలో యూఎస్‌బీ డీబగ్గింగ్‌ను విడిగా ఆన్ చేయాలి. అదే జాబితాలో ఉండే ఓఈఎం అన్‌లాకింగ్ (ఫోన్ అసలు సాఫ్ట్‌వేర్‌నే మార్చే వీలు కల్పించేది) వంటి మీటలను, వాటి పని స్పష్టంగా తెలియనప్పుడు, ముట్టుకోకుండా వదిలేయడం మంచిది.

కంప్యూటర్ వైపు కావలసింది ఏడీబీ అనే చిన్న ప్రోగ్రాం. ఇది ప్లాట్‌ఫాం టూల్స్ పేరుతో గూగుల్ వారి ఆండ్రాయిడ్ డెవలపర్ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. వేరే చోట్ల దొరికే ప్యాకేజీల జోలికి వెళ్లవద్దు. ఛార్జింగ్‌కు మాత్రమే పనికివచ్చే కేబుల్‌తో కనెక్షన్ రాదు కనుక, డేటా కూడా వెళ్లే కేబుల్‌ను వాడాలి. కేబుల్ తగిలించి, కమాండ్ విండోలో (కంప్యూటర్‌కు ఆదేశాలను టైపు చేసి ఇచ్చే చోట) ఏడీబీ డివైసెస్ (adb devices) అనే ఆదేశం ఇస్తే, ఫోన్ సీరియల్ నంబర్ పక్కన అనాథరైజ్డ్ అని కనిపిస్తుంది. ఫోన్ ఇంకా ఆ కంప్యూటర్‌ను నమ్మలేదని దాని అర్థం.

అసలు నిర్ణయం తీసుకోవలసింది ఇక్కడే. ఫోన్ లాక్ తీసి చూస్తే, ఈ కంప్యూటర్ నుంచి డీబగ్గింగ్‌ను అనుమతించాలా అని అడిగే పెట్టె ఒకటి తెర మీద కనిపిస్తుంది. అందులో ఆ కంప్యూటర్‌కు చెందిన ఆర్ఎస్ఏ (ఒక సంకేత పద్ధతి) తాళంచెవి గుర్తు, అంటే అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక వరుస, ఉంటుంది. ఆండ్రాయిడ్ 4.2.2తో వచ్చిన ఈ ఏర్పాటే నేటికీ ప్రధానమైన రక్షణ. మీరు కేబుల్ తగిలించి ఆదేశం ఇచ్చిన మరుక్షణం ఈ పెట్టె వస్తే అనుమతించవచ్చు. బస్టాండులోనో విమానాశ్రయంలోనో ఛార్జింగ్ పాయింటుకు పెట్టినప్పుడు వస్తే మాత్రం నిరాకరించి, వెంటనే కేబుల్ తీసేయాలి, ఎందుకంటే ఉత్త ఛార్జర్‌కు ఆ అనుమతితో పనే లేదు. ఈ కంప్యూటర్‌ను ఎల్లప్పుడూ అనుమతించు అన్న గడిలో సొంత కంప్యూటర్‌కు తప్ప టిక్ పెట్టకూడదు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, అనుమతి పొందిన కంప్యూటర్ ఫోన్‌ను ముట్టుకోకుండానే కొత్త యాప్‌ను ఎక్కించగలదు, తెరను చిత్రంగా తీయగలదు, ఫోటోలను, డౌన్‌లోడ్ ఫైళ్లను కాపీ చేసుకోగలదు, కొన్ని యాప్‌లకు అనుమతులు కూడా ఇవ్వగలదు. ఒకసారి ఎల్లప్పుడూ అని అనుమతించిన కంప్యూటర్‌కు ఆ తరువాత ఫోన్ తెర లాక్‌లో ఉన్నా కనెక్షన్ దొరుకుతుంది. బ్యాంకు యాప్ తన లోపల దాచుకున్న సమాచారాన్ని మామూలు ఫోన్‌లో ఏడీబీ నేరుగా చదవలేదు; కానీ హానికరమైన యాప్‌ను ఎక్కించే వీలుంటే ఆ ఊరట పెద్దగా మిగలదు. మన దేశంలో పలు బ్యాంకు యాప్‌లు డెవలపర్ ఆప్షన్స్ ఆన్‌లో ఉంటే తెరుచుకోవడానికి నిరాకరించేది ఈ భయంతోనే.

ఆండ్రాయిడ్ 11 నుంచి కేబుల్ లేకుండా వైర్‌లెస్ డీబగ్గింగ్ కూడా వచ్చింది. ఫోన్, కంప్యూటర్ ఒకే వైఫైలో ఉండగా, ఆరంకెల కోడ్‌తో గానీ క్యూఆర్ కోడ్‌తో గానీ జత చేస్తారు. ఇంటి వైఫైలో తప్ప దీనిని ఆన్ చేయవద్దు. ఆ కోడ్ చెప్పమని ఎవరు ఫోన్ చేసి అడిగినా చెప్పవద్దు. 2018లో ఏడీబీ.మైనర్ అనే పురుగు ప్రోగ్రాం (తనంతట తానే వ్యాపించే హానికర ప్రోగ్రాం), ఏడీబీ ఆదేశాలు నెట్‌వర్క్ ద్వారా వచ్చే 5555 పోర్టు అనే దారిని ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన ఆండ్రాయిడ్ పరికరాలను వెతికి పట్టుకుని, వాటితో క్రిప్టో నాణేలు తవ్వించింది. కేబుల్ లేని దారి ఎవరికి తెరుచుకుని ఉందో చూసుకోకపోతే ఏమవుతుందో అది చూపింది.

పని ముగిశాక రివోక్ యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆథరైజేషన్స్ అన్నదాన్ని తాకి పాత అనుమతులన్నీ రద్దు చేసి, డీబగ్గింగ్‌ను, ఆపైన డెవలపర్ ఆప్షన్స్ మీటను ఆఫ్ చేయాలి. రిపేరు షాపు నుంచి ఫోన్ తిరిగి తెచ్చుకున్న రోజున ఈ పని తప్పక చేయండి. పిన్ చెప్పి ఇచ్చిన ఫోన్‌లో ఏ కంప్యూటర్‌కు అనుమతి మిగిలిపోయిందో సెట్టింగ్స్ చూసి పోల్చుకోవడం కష్టం కనుక, మొత్తం రద్దు చేయడమే తేలిక. ఆండ్రాయిడ్ 11, ఆ తరువాతి వాటిలో వరుసగా ఏడు రోజులు కనెక్ట్ కాని కంప్యూటర్ అనుమతి తనంతట తానే పోతుంది. ఈ గడువును నిలిపివేసే మీట కూడా అదే జాబితాలో ఉంటుంది. దానిని ఆన్ చేయకండి.

తెర పగిలితే డేటా తీసుకోవడానికి పనికొస్తుందని కొందరు డీబగ్గింగ్‌ను ఎప్పుడూ ఆన్‌లో ఉంచుకుంటారు. ముందే అనుమతి ఇచ్చిన కంప్యూటర్ లేకపోతే పగిలిన తెర మీద ఆ పెట్టెకు అంగీకారం చెప్పడం సాధ్యం కాదు, ఇచ్చిన అనుమతి కూడా పైన చెప్పిన గడువుతో పోవచ్చు కాబట్టి, ఆ ధీమా నిలిచేది కాదు. క్రమం తప్పని బ్యాకప్ దానికంటే నమ్మదగినది. తెర కనిపిస్తూ తాకితే మాత్రం పనిచేయనప్పుడు, ఫోన్‌కు ఓటీజీ సదుపాయం (మౌస్ వంటి పరికరాలను నేరుగా ఫోన్‌కు తగిలించే వీలు) ఉంటే ఓటీజీ అడాప్టర్‌తో మౌస్ తగిలించి లాక్ తీసుకోవచ్చు. దానికి డీబగ్గింగ్ అవసరమే లేదు.