పనుల వరుస మార్చే ఏఐ సాధనానికి కాపీరైట్ నమోదు: దరఖాస్తు ఎక్కడ ఆగిపోతోంది?

చెప్పిన పనులను తనంతట తానే చేసుకుపోయే ఏఐ ప్రోగ్రాముకు, అంటే ఏఐ ఏజెంట్‌కు, ఒకేసారి పది పనులు అప్పగిస్తే ఏది ముందు చేయాలో, ఏది దేని మీద ఆధారపడి ఉందో చూసి వరుస కట్టే చిన్న సాధనాలను మన ఇంజనీరింగ్ విద్యార్థులు సొంతంగా రాస్తున్నారు. మధ్యలో ఒక పని విఫలమైతే మిగిలిన వాటిని ఈ సాధనమే మళ్ళీ సర్దుతుంది. వీటికి కాపీరైట్ ఇప్పిస్తామంటూ హనుమకొండలో కొందరు మధ్యవర్తులు వేలల్లో వసూలు చేస్తున్నారు. ప్రభుత్వానికి చెల్లించాల్సిన రుసుము 500 రూపాయలు. ‘ఒక్క రోజులో కాపీరైట్’ అని వారు చేతిలో పెట్టేది డైరీ నంబరు (దరఖాస్తుకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉన్న రసీదు. దరఖాస్తు అందిందని చెప్పడం తప్ప ఆ కాగితానికి వేరే విలువ లేదు.

నమోదుతో వచ్చేదేమిటో ముందు తెలుసుకోవాలి. కోడ్ రాసిన క్షణం నుంచే దాని మీద కాపీరైట్ రచయితకు ఉంటుంది. నమోదు తప్పనిసరి కాదు. రేపు వివాదం వస్తే, 1957 కాపీరైట్ చట్టంలోని 48వ సెక్షన్ ప్రకారం రిజిస్టరులోని నమోదు ప్రాథమిక సాక్ష్యంగా నిలుస్తుంది. చాలామందికి ఇదే చాలు. అయితే ‘మీ ఆలోచన ఇక మీదే, ఎవరూ ముట్టుకోలేరు’ అని ఎవరైనా అంటే నమ్మకండి. రక్షణ మీరు రాసిన కోడ్‌కే. ఏ పని దేని మీద ఆధారపడిందో చూసి వరుసపెట్టే పద్ధతిని కాన్ అనే శాస్త్రవేత్త 1962లోనే ప్రచురించారు. దాన్ని ఎవరైనా తమ సొంత కోడ్‌లో రాసుకోవచ్చు. పేటెంటు సంగతి అడిగితే, కేవలం కంప్యూటర్ ప్రోగ్రామును, అల్గారిథమ్‌ను పేటెంటు చట్టంలోని 3(కె) సెక్షన్ పేటెంటు ఇవ్వదగని వాటిలో చేర్చింది.

దరఖాస్తు అంతా ఆన్‌లైన్‌లోనే. కాపీరైట్ కార్యాలయం ఢిల్లీలో ఉంది. వరంగల్ నుంచి అక్కడికి ఎవరూ వెళ్ళనక్కర్లేదు. కాపీరైట్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఖాతా తెరిచి, ఫారం 14 నింపి, రకం దగ్గర కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ ఎంచుకుని, రుసుము కట్టాలి. ఫారం నింపడం వచ్చినవారికి ఇది పెద్ద పని కాదు. ఒక్క గడి దగ్గర మాత్రం ఆగి ఆలోచించండి: ప్రచురితమా, అప్రచురితమా? కోడ్‌ను దాచి పంచుకునే వెబ్‌సైటు గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా పెట్టిన కోడ్‌ను అప్రచురితమని రాసేస్తున్నారు. చట్టం దృష్టిలో ప్రజలకు అందుబాటులోకి తేవడమే ప్రచురణ. పెట్టిన సంవత్సరం, దేశం రాయండి.

అసలు చిక్కు కోడ్ పేజీల దగ్గర వస్తుంది. విద్యార్థులు ఎంతో శ్రద్ధగా తయారుచేసిన మాన్యువల్‌ను, బొమ్మలతో సహా, జతచేస్తున్నారు. ఏ ఆదేశం ఇస్తే వరుస ఎలా మారుతుందో వివరించే ఆ పత్రం మంచిదే, కానీ కార్యాలయం అడిగేది అది కాదు. 2021లో సవరించిన నియమాల ప్రకారం సోర్స్ కోడ్‌లోని మొదటి 10 పేజీలు, చివరి 10 పేజీలు ఇవ్వాలి. మొత్తం 20 పేజీలకు తక్కువైతే కోడంతా ఇవ్వాలి. ఎక్కడా నల్లగా కొట్టేయకూడదు, ఏ భాగమూ దాచకూడదు.

ఈ చివరి మాటే ఏఐ సాధనాలు రాసేవారిని ఇబ్బంది పెడుతుంది. చాట్‌జీపీటీ లాంటి సేవల వెనక ఉండే భాషా నమూనాను పిలవడానికి వాడే రహస్య తాళపు సంకేతాలను (ఏపీఐ కీలను) చాలామంది కోడ్‌లోనే, అదీ మొదటి ఫైలు మొదటి వరుసల్లోనే రాసి ఉంచుతారు. దాన్ని అలాగే పీడీఎఫ్ చేస్తే రహస్యం బయటపడుతుంది; నల్లరంగు పూస్తే నియమం ఒప్పుకోదు. కాబట్టి పీడీఎఫ్ తీసే ముందే ఆ సంకేతాలను వేరే సెట్టింగుల ఫైలులోకి మార్చండి. ఇప్పటికే బహిరంగంగా పెట్టి ఉంటే పాతవి రద్దు చేసి కొత్తవి తీసుకోండి.

ఫైళ్ళ వరుస కూడా చూసుకోవాలి, పనుల వరుస సరిచేసే సాధనానికి ఈ మాట చెప్పాల్సి రావడం కొంచెం తమాషాగానే ఉంది. ఇతరుల లైబ్రరీలు (వారు రాసిపెట్టిన తయారు కోడ్), తనంతట తయారైన ఫైళ్ళు తీసేసి, మీరు రాసినవి మాత్రమే పేర్చండి. ప్రోగ్రాము మొదలయ్యే ఫైలు ముందు ఉండాలి. లేకుంటే మొదటి పది పేజీలూ ఎవరో రాసిన లైసెన్సు పాఠంతో నిండిపోతాయి. వేరొకరి ప్రాజెక్టును తీసుకుని మార్చి ఉంటే అదనపు వివరాల ప్రకటనలో అది రూపాంతరమని, మూలరచయిత ఎవరో, ఏ అనుమతితో వాడారో చెప్పాలి. సొంత రచన అని గడి నింపేస్తే అప్పటికి గడిచిపోవచ్చు, వివాదం వచ్చిన రోజున అదే ఎదురు తిరుగుతుంది.

నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టుకు ఒకరే హక్కుదారుగా దరఖాస్తు చేస్తే మిగిలిన ముగ్గురి సంతకాలతో నిరభ్యంతర పత్రాలు కావాలి. చదువు అయిపోయి ఒకరు పుణేలో, ఒకరు బెంగళూరులో స్థిరపడ్డాక వాటి కోసం వెతకడం కష్టం. ప్రాజెక్టు సమర్పించే వారంలోనే తీసుకోండి. మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం చేస్తూ, ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్ అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు మొదటి హక్కుదారు యాజమాన్యమే. కాలేజీకి మేధో సంపత్తి నిబంధనలుంటే అవీ చదవండి. గైడుగా ఉన్న అధ్యాపకుడి పేరును మర్యాద కోసం రచయితల్లో చేర్చకండి. కోడ్ రాసినవారే రచయితలు.

దరఖాస్తు తర్వాత 30 రోజుల పాటు అభ్యంతరాల కోసం ఆపుతారు. ఈ గడువును ఎవరూ తగ్గించలేరు, డబ్బు తీసుకున్నవారు కూడా. ఆ తర్వాత పరిశీలకుడు చూసి లోపం ఉంటే లేఖ పంపుతారు. ఇది తిరస్కరణ కాదు, కంగారు పడనక్కర్లేదు. లేఖలో ఇచ్చిన గడువులోగా అడిగిన పేజీ పంపితే సరిపోతుంది. ఇక్కడే మరో ప్రమాదం ఉంది: మధ్యవర్తి తన ఈమెయిలునే ఖాతాకు పెట్టుకుంటే ఆ లేఖ మీ కంటపడదు. ఎవరి చేత నింపించినా ఈమెయిలు, ఫోను నంబరు మీవే ఉండాలి, డైరీ నంబరు రాసి పెట్టుకోవాలి. దానితో వెబ్‌సైటులో స్థితి మీరే చూసుకోవచ్చు.

పక్కన పెట్టిన ఆ మాన్యువల్‌కూ నమోదు కావాలంటే అది వేరే సాహిత్య కృతి. దానికి వేరే ఫారం 14, మరో 500 రూపాయలు.