బెయిలీ వంతెన ప్లాన్‌లో డి.ఎస్., టి.డి. అంటే ఏమిటి, ప్యానెళ్లు ఎలా లెక్కించాలి

రెండో ప్రపంచ యుద్ధకాలంలో డొనాల్డ్ బెయిలీ రూపొందించిన ఉక్కు వంతెన ఇది. ప్లాన్‌లో మొదటి అక్షరం దారికి ఒక్కో వైపు నిలిపే, బరువు మోసే ఉక్కు చట్రాలైన ట్రస్‌ వరసలు, రెండోది అంతస్తులు. డి.ఎస్. అంటే డబుల్-సింగిల్: రెండు వరసలు, ఒకే అంతస్తు. టి.డి. అంటే ట్రిపుల్-డబుల్.

ట్రస్ వరసను ప్యానెళ్లనే ఉక్కు భాగాలను కొసకు కొస బిగించి కడతారు. ప్యానెల్ పొడవు 10 అడుగులు. కాబట్టి 80 అడుగుల డి.ఎస్.కి వరసకు 8 చొప్పున, రెండు వైపులా కలిపి 32 ప్యానెళ్లు. అదే పొడవు టి.డి.కి 96. ఒక్కోటి దాదాపు 260 కిలోలు, ఆరుగురు పట్టాలి.

అక్షరాలు తారుమారు చేయొద్దు. ఎస్.డి. కూర్పు అసలు వాడరు. ఒంటి వరస మీద రెండో అంతస్తు వేస్తే పక్కకు ఒరుగుతుంది.

లాంచింగ్ నోస్ (వంతెనను నెట్టేటప్పుడు దాని ముందు తాత్కాలికంగా బిగించే చట్రం) ప్యానెళ్లు వేరే లెక్క. అవి చాలకపోతే, రోలర్ల మీద నెట్టేటప్పుడు ముందు కొస అవతలి గట్టు అందుకునేలోపే వంతెన ఏట్లోకి వాలిపోతుంది.