సెకండ్ హ్యాండ్ ట్రాలీ కొనేముందు బండి కిందకి దూరి చూడండి, కొన్నాక అయ్యే ఖర్చులు కూడా చెప్తా

మన నెల్లూరు, ఒంగోలు సైడు సెకండ్ హ్యాండ్‌లో టాటా ఏసో, దోస్తో, బొలెరో పికప్పో లాంటి చిన్న సరుకు బండి తీసుకుందామనుకునేవాళ్లు బండి చూడ్డానికి పోగానే ఏ మోడల్, ఎన్ని కిలోమీటర్లు అని అడుగుతారు. దానికంటే ముందు అడగాల్సింది ఒకటుంది, ఇన్నాళ్లూ ఈ బండిలో ఏం లోడు తోలారు అని. ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యలు, ఐసు తోలిన బండి ఒక రకంగా పాడైపోయి ఉంటుంది, చీమకుర్తి క్వారీల చుట్టూ తిరిగిన బండి ఇంకో రకంగా, పొదలకూరు మార్కెట్‌కి నిమ్మకాయల బస్తాలు తోలింది వేరే. మూడూ ఒకటే రేటుకి దొరికితే నేనైతే నిమ్మకాయల బండే తీసుకుంటా.

రొయ్యల బండి గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నేను మోసపోయింది ఆడే. నా మొదటి బండి టాటా ఏస్, 2014 మోడల్, పైనంతా నిగనిగలాడతా ఉంది, ఇంజిన్ కూడా మంచిగానే స్టార్ట్ అయింది, రేటు తక్కువ అనిపించి అడ్వాన్సు ఇచ్చేశా. మూడో వారంలో కోవూరు దాటాక బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా కిందకి దిగిపోయింది, ఎట్టనో గేర్లు తగ్గించి హ్యాండ్ బ్రేకు లాగి పక్కన ఆపుకున్నా. చూస్తే వెనక చక్రాలకి పోయే బ్రేకు పైపు తుప్పు పట్టి పగిలిపోయింది. మా మెకానిక్కన్న కింద గోతం పరుచుకుని పడుకుని, నన్ను కూడా రమ్మని, ట్రాలీ, అంటే వెనక సరుకేసే తొట్టి కింద అడ్డపట్టీని స్క్రూడ్రైవర్‌తో పొడిచాడు, అప్పడం విరిగినట్టు విరిగి తుప్పంతా మా మొహాల మీద రాలింది. పైన కొత్తగా నల్ల పెయింట్ కొట్టున్నారు కాబట్టి కంటికి ఏమీ కనపడలా. రొయ్యల కింద పోసిన ఐసు కరిగి ఆ ఉప్పునీళ్లు రేకు సందుల్లోంచి ఛాసిస్ మీదికి కారతానే ఉంటాయి, కడిగేవాళ్లు పైన కడుగుతారు గానీ కింద కడగరు.

అందుకని బండి చూడ్డానికి పోయేటప్పుడు ఒక స్క్రూడ్రైవరు, టార్చి లైటు, పాత గోతం పట్టుకుపోండి. ట్రాలీలో మ్యాట్ ఉంటే ఎత్తించండి. ఛాసిస్ అడ్డపట్టీలు, కమాన్ కట్టలు (చక్రాల మీద లోడు మోసే స్ప్రింగు పట్టీలు) బిగించిన చోట్లు, బ్రేకు పైపులు, హ్యాండ్ బ్రేకు కేబులు, ఎర్త్ వైరు బిగించిన బోల్టు, ఇవన్నీ చేత్తో ముట్టుకుని చూడండి. క్యాబిన్‌లో కాళ్లు పెట్టే చోట రేకు కూడా. బండికంతా పాత రంగుండి కింద ఒక్కదానికే కొత్త పెయింట్ ఉంటే ఎందుకు కొట్టారో అడగండి. అడ్డపట్టీని స్క్రూడ్రైవర్‌తో పొడవనీయను అని అమ్మేవాడు అన్నాడంటే ఆ బండి వదిలేయండి.

క్వారీల వైపు తిరిగిన బండికి తుప్పు తక్కువ, కానీ గ్రానైట్ దుమ్ము ఇంజిన్‌ని లోపల్నించి అరగదీస్తది. ఎయిర్ ఫిల్టర్ పెట్టె విప్పి, ఫిల్టర్ దాటినాక ఇంజిన్‌లోకి పోయే పైపులో వేలు పెట్టి తుడవండి, దుమ్ము అంటిందంటే ఫిల్టర్ సరిగ్గా కూర్చోకుండా చాన్నాళ్లు తిరిగిందని అర్థం. తర్వాత ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి, కాస్త గాలి రావడం మామూలే, భస్ భస్ మని పొగ కొడతా ఉంటే పిస్టన్ రింగులు, సిలిండర్ బోరు అరిగిపోయినట్టే, అది ఇంజిన్ విప్పి చేసే హాఫ్ ఇంజిన్ పనికో ఫుల్ ఇంజిన్ పనికో పోతుంది. పొద్దున్నే పోయి చల్లటి ఇంజిన్ మీద స్టార్ట్ చేయించండి, మనం పోయేసరికి వేడి చేసి పెట్టుంటే ఇంకోరోజు వస్తామని చెప్పి వచ్చేయండి. నీలం పొగ వస్తే ఆయిల్ తాగతా ఉన్నట్టు. బాగా నల్ల పొగ వస్తే ఎయిర్ ఫిల్టరో, డీజిల్ కొట్టే నాజిల్సో పంపో చూడాలి. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకుండా వస్తా, రేడియేటర్‌లో నీళ్లు తగ్గతా ఉంటే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్ కింద ఉండే సీలు) మీద అనుమానం పెట్టుకోండి. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలకి లోడుతో పోయేటప్పుడు ఈ కూలింగ్ లోపాలన్నీ బయటపడతాయి, కాబట్టి చలికాలంలో కొనేవాళ్లు ఇంకా జాగ్రత్తగా చూడాలి.

ఓవర్ లోడు తోలారా లేదా అనేది కమాన్ కట్టలే చెప్తాయి, కంపెనీ ఇచ్చినదానికంటే ఎక్కువ పట్టీలు వేయించి ఉంటే దాని అర్థం మీకు తెలుసు. అట్టాంటి బండికి క్లచ్, వీల్ బేరింగులు, హౌసింగ్ (వెనక చక్రాల మధ్య గేర్లుండే పెట్టె) అన్నీ అరిగి ఉంటాయి. క్లచ్ చూడాలంటే బండి ఆపి హ్యాండ్ బ్రేకు వేసి మూడో గేరులో పెట్టి మెల్లగా క్లచ్ వదలండి, ఇంజిన్ టక్కున ఆగిపోవాలి, ఆగకుండా తిరగతానే ఉంటే ప్లేటు అయిపోయింది. నలభై యాభై స్పీడులో యాక్సిలేటర్ వదిలినప్పుడు వెనక నించి కూత లాగా మోత వస్తే హౌసింగ్‌లో క్రౌన్ పినియన్ పని ఉంది. బండి కదిలేటప్పుడు టక్ మంటే వెనక్కి పోయే షాఫ్టులో జాయింట్ క్రాస్ అరిగినట్టు, అది పెద్ద ఖర్చు కాదు. టైర్ల మీద నాలుగు అంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని, బటన్ (టైరు మీద గాట్లు) బాగుంది కదా అని పాత టైర్లు చూసి మోసపోవద్దు.

బీఎస్ 6 పొగ రూల్సు వచ్చాక, అంటే 2020 ఏప్రిల్ తర్వాతి డీజిల్ బండ్లలో డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టర్) ఉన్నవాటిని ఊర్లో చిన్న చిన్న ట్రిప్పులకే తిప్పితే మసి పట్టి వార్నింగ్ లైటు వెలగతా ఉంటది, రోజూ నాలుగైదు కిలోమీటర్ల పనే అయితే సీఎన్‌జీ బండి గురించి ఆలోచించండి.

కాగితాల సంగతి. ఆర్సీ మీద ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని ఫైనాన్స్‌వాళ్లిచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి రాకుండా పూర్తి డబ్బులు ఇవ్వొద్దు. బండి మీ పేరు మీదికి మార్చే ఫారం 29, 30 మీద అమ్మేవాడి సంతకాలు మీ ముందరే పెట్టించండి. ఆన్‌లైన్‌లో బండి నంబర్ కొట్టి చలానాలు, ట్యాక్సు ఎప్పటిదాకా కట్టారో చూడండి. ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, బండికి 8 ఏళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా చేయించాలి, కాబట్టి పాత బండికి ప్రతి సంవత్సరం పెయింటు, లైట్లు, బ్రేకుల పని ఎంతోకొంత తప్పదు. ఇన్సూరెన్స్‌లో ఒక్క థర్డ్ పార్టీకే, బండి, లోడు కలిపి 7,500 కిలోల లోపు గూడ్స్ బండికి 2022లో పెట్టిన రేటు 16,049 రూపాయలు, పైన జీఎస్టీ. లైసెన్సు గురించి చాలామంది అడగతా ఉంటారు, ఈ 7,500 కిలోల లోపు బండ్లకి మామూలు ఎల్‌ఎంవీ (కారు లాంటి తేలిక బండ్ల) లైసెన్సు చాలని సుప్రీం కోర్టు 2024 నవంబర్‌లో మళ్లీ చెప్పింది.

డీజిల్ లెక్క ముందే వేసుకోండి. రోజుకి 80 కిలోమీటర్లు, నెలకి 25 రోజులు అంటే 2,000 కిలోమీటర్లు, లీటరుకి 16 వస్తే 125 లీటర్లు, లీటరు వంద వేసుకున్నా 12,500. దీనికి ఈఎంఐ కలిపి, ఇన్సూరెన్స్, ఎఫ్‌సీ, టైర్లు, బ్యాటరీ ఖర్చుని పన్నెండు భాగాలు చేసి అదీ కలపండి, అప్పుడు మీకొచ్చే కిరాయిలు సరిపోతాయా లేదా తేలుతుంది. నేను ఇప్పుడు ఏ బండి కొన్నా రేటులో అయిదో వంతు రిపేర్లకి పక్కన పెట్టుకునే కొంటా, అంత చేతిలో లేకపోతే చిన్న బండికే దిగుతా.

కొన్నరోజే ఇంటికి పోకుండా నేరుగా ఆటోనగర్‌కి తీసుకుపోండి. ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్, హౌసింగ్ ఆయిల్, బ్రేకు ఆయిల్, కూలెంట్, ఫిల్టర్లు అన్నీ మార్పించండి, టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్ అయితే పాతాయన మార్చానని చెప్పినా బిల్లు చూపించకపోతే అదీ మార్చేయండి, తెగితే ఇంజిన్ పనే పడతది. రొయ్యలకో చేపలకో వేసేవాళ్లు ట్రాలీ రేకు సందులన్నీ మూయించి, నీళ్లు వెనకనించి బయటికి పడేట్టు ఒక పైపు పెట్టించండి, ప్రతి ట్రిప్పు అయ్యాక మంచినీళ్లతో కింద నించి కొట్టించండి. మార్చిన ఆయిల్ తేదీ, కిలోమీటర్లు డోరు లోపలి రేకు మీద పెయింట్ మార్కర్‌తో రాసిపెట్టుకోండి, నేను అట్టనే రాస్తా ఉంటా.