నెట్ వస్తా ఉంది, ఆఫీసు సర్వర్ మాత్రం పేరు కొడితే రావట్లేదా? ఇట్టా చూడండి

చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసు. ఐదు కంప్యూటర్లు, అన్నిట్లో విండోస్ బదులు ఉబుంటు (లినక్స్), లెక్కల సాఫ్ట్‌వేర్ మాత్రం ఇంకో మెషీన్లో, దాని పేరు లెక్కలు డాట్ లోకల్. అకౌంటెంట్ ఫోన్ చేసి "అన్నా, నెట్ బానే వస్తా ఉంది, లెక్కలది మాత్రం తెరుచుకోవట్లా" అన్నాడు. బ్రౌజర్‌లో పేరు బదులు ఆ మెషీన్ ఐపీ అడ్రసు (నెట్‌వర్క్‌లో దాని నంబరు) 192.168.1.20 కొట్టి చూడమన్నా, వచ్చింది. అంటే కేబుల్ బానే ఉంది, సర్వర్ బానే ఉంది, తేడా అంతా పేరు వెతికే కాడే.

ఇట్టాంటప్పుడు చాలామంది చేసే పని డీఎన్ఎస్‌లో, అంటే పేరు ఇస్తే ఐపీ చెప్పే సర్వర్ అడ్రసు రాసే కాడ, గూగుల్‌ది 8.8.8.8 పెట్టడం, దయచేసి పెట్టొద్దు. ఈ ఆఫీసులో ఆ పని చేసేది రౌటర్. మీ ఆఫీసు లోపలి మెషీన్ పేరు గూగుల్ సర్వర్‌కి ఎట్టా తెలుస్తుంది? రౌటర్ అడ్రసు పక్కన రెండోదిగా పెట్టినా ఇబ్బందే. రౌటర్ ఒక్కసారి పలక్కపోతే ఉబుంటు రెండోదానికి మారి అక్కడే ఉండిపోతుంది, అది "అట్టాంటి పేరు లేదు" అనేస్తుంది, ఆ జవాబు వచ్చాక ఇంక రౌటర్‌ని అడగదు. పొద్దున వచ్చి మధ్యాహ్నం రాకపోవడం ఇందువల్లే.

ముందు చూడాల్సింది ఈటీసీ ఫోల్డర్‌లో ఎన్ఎస్‌స్విచ్ డాట్ కాన్ఫ్ అనే ఫైలు. అందులో హోస్ట్స్ అని మొదలయ్యే లైనుంటది, పేరుని ఎవరెవర్ని ఏ వరసలో అడగాలో అదే చెప్తుంది. మామూలుగా మొదట ఫైల్స్, తర్వాత ఎండీఎన్ఎస్4 మినిమల్ (ఎండీఎన్ఎస్ అంటే సర్వర్ లేకుండా మెషీన్లే ఒకదాన్నొకటి పేరు అడుక్కునే పద్ధతి), దాని పక్కన బ్రాకెట్లో నాట్‌ఫౌండ్ ఈక్వల్స్ రిటర్న్, చివర డీఎన్ఎస్. ఫైల్స్ అంటే అదే ఫోల్డర్లో ఉండే హోస్ట్స్ ఫైలు. మధ్యలోది డాట్ లోకల్ పేర్ల కోసం, నెట్‌వర్క్‌లో అందర్నీ "ఈ పేరు మీదేనా" అని అడుగుతుంది, ఎవరూ పలక్కపోతే ఆ బ్రాకెట్ మాట ప్రకారం అక్కడే ఆగిపోద్ది, డీఎన్ఎస్ దాకా పోనే పోదు. ఈ ఆఫీసులో జరిగింది అదే, పేరేమో రౌటర్‌లో రాసుంది, కంప్యూటర్ రౌటర్‌ని అడగనే లేదు.

ఇంకో సంగతి, టెర్మినల్లో ఎన్ఎస్‌లుకప్ అనే కమాండుతో రౌటర్‌ని నేరుగా అడిగితే జవాబు వచ్చింది, దాన్ని చూసి అంతా బానే ఉందనుకోకండి. ఎన్ఎస్‌లుకప్, అట్టాంటిదే డిగ్, రెండూ ఈ వరసని పట్టించుకోవు, డీఎన్ఎస్‌ని మాత్రమే అడుగుతాయి. బ్రౌజర్‌కి ఏం దొరుకుతుందో తెలియాలంటే గెట్ఎంట్ వాడండి, జీ ఈ టీ ఈ ఎన్ టీ అని కలిపి కొట్టి, స్పేస్ ఇచ్చి హోస్ట్స్, మళ్ళీ స్పేస్ ఇచ్చి పేరు. ఏమీ రాకుండా ఖాళీగా తిరిగొస్తే పేరు దొరకలేదని అర్థం.

అర్జెంటుగా పని నడవాలంటే హోస్ట్స్ ఫైలుని సూడోతో (అడ్మిన్ హక్కులిచ్చే కమాండు) తెరిచి ఒక లైను చేర్చండి, ముందు ఐపీ, ఒక స్పేస్, తర్వాత పేరు. సేవ్ చేయగానే పనిచేస్తుంది. విండోస్‌లో అయితే సిస్టమ్32 లోపల డ్రైవర్స్, అందులో ఈటీసీ, నోట్‌ప్యాడ్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాలి, సేవ్ చేసేటప్పుడు చివర డాట్ టీఎక్స్‌టీ తగులుకోకుండా చూసుకోండి.

కానీ ఐదు మెషీన్లలో ఐదు ఫైళ్ళు ఎన్నాళ్ళు చూసుకుంటాం, అందుకే నేను రౌటర్‌లో పేరే మార్చేశా, లెక్కలు డాట్ ఇంటర్నల్ అని. డాట్ ఇంటర్నల్‌ని ఇట్టాంటి లోపలి వాడకానికే ఐకాన్ (ఇంటర్నెట్ పేర్లు చూసుకునే సంస్థ) 2024లో పక్కన పెట్టింది, బయట ఎవరికీ అమ్మరు. డాట్ లోకల్ ఎండీఎన్ఎస్‌ది, దాన్ని డీఎన్ఎస్‌లో వాడకపోవడమే మంచిది.

ఏ డీఎన్ఎస్‌ని అడగాలో ఉండే రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైల్లో చేత్తో రాయకండి, ఉబుంటులో అందులో 127.0.0.53 (ఆ కంప్యూటర్ సొంత అడ్రసే) ఉంటది, మీరు రాసింది మళ్ళీ చెరిగిపోద్ది. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లోనే రౌటర్ అడ్రసు ఒక్కటే పెట్టండి. సర్వర్‌కి కూడా రౌటర్‌లో ఐపీ రిజర్వ్ చేయండి, అంటే ఎప్పుడూ అదే ఐపీ ఇచ్చేట్టు, లేకపోతే కరెంటు పోయొచ్చినాక ఐపీ మారితే పేరు పాత అడ్రసునే చూపిస్తా ఉంటది.